డిశ్చార్జ్ మ్యాప్ గీసే ముందు

హైదరాబాద్

చిట్టితల్లీ,

మీ ఆసుపత్రిలో డిశ్చార్జ్ ఎక్కడ ఆగుతోందో శనివారం టీమంతా కూర్చుని ఒక్కో అడుగూ చూపించే మ్యాప్ గీస్తామన్నావుగా. ముందు రెండు కొసలు తేల్చుకోండి. రౌండ్స్‌లో డాక్టరు "ఇవాళ పంపించేద్దాం" అన్న నిమిషం నుంచి పేషెంటు గేటు దాటేదాకా గీయండి. బిల్లు కట్టడంతో ఆపేస్తే గేట్ పాస్ కోసం, వీల్‌చెయిర్ కోసం పడిగాపులు పడ్డ సమయం లెక్కలోకే రాదు. నల్గొండ నుంచి వచ్చినవాళ్లకి ఎంజీబీఎస్‌లో బస్సు తప్పేది అక్కడే.

ఏడెనిమిది మంది చాలు. వార్డు సిస్టర్, డిశ్చార్జ్ సమ్మరీ (జబ్బు, చేసిన చికిత్స వివరాల కాగితం) రాసే డ్యూటీ డాక్టరు, ఫార్మసీ, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్, ఇలా పని స్వయంగా చేసేవాళ్లే ఉండాలి. పెద్దవాళ్లు మొదటి గంట రాకపోతేనే మేలు. వాళ్లుంటే అందరూ ఎస్ఓపీ, అంటే కాగితం మీదున్న నియమాల పద్ధతి, అప్పజెబుతారు. "మామూలుగా ఏం చేస్తారు?" అని అడగకమ్మా, "నిన్న చివరి పేషెంటుకి ఏం జరిగింది?" అని అడుగు.

గోడకి బ్రౌన్ పేపర్ అంటించి, ఒక్కో పనికి ఒక్కో స్టిక్కీ నోట్ పెట్టండి. "ఫార్మసీ" అని కాదు, "వాడని మందులు వెనక్కి పంపడం" అని రాయాలి. ప్రతి నోటు కింద రెండు అంకెలు విడివిడిగా వేయండి: పనికి పట్టిన సమయం, ఊరికే ఆగిన సమయం. సమ్మరీ టైపు చేయడం 20 నిమిషాలు, కన్సల్టెంట్ ఆపరేషన్ థియేటర్‌లోంచి వచ్చి సంతకం పెట్టేదాకా 2 గంటలు అనుకో. రెండూ కలిపేస్తే అందరూ టైపు చేసినవాళ్ల మీద పడతారు.

పది ఫైళ్లలో ఎన్ని దిద్దడానికి వెనక్కి వస్తున్నాయో కూడా రాయండి. ప్రీ ఆథరైజేషన్‌లో (చికిత్సకి ఇన్సూరెన్స్ వాళ్లని ముందుగా అడిగే అనుమతిలో) రాసిన జబ్బు ఒకటి, సమ్మరీలో మరొకటి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు క్వెరీ పెడతారు. అలా ఫైలు వెనక్కి వచ్చే బాణం ఎర్రరంగుతో గీయండి. డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన 3 గంటల్లోగా అనుమతి ఇవ్వాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్లకి చెప్పింది. ఆ 3 గంటలు మొదలయ్యేది మీరు పంపాకే, అంతకుముందు పోయిందంతా మీ ఖాతాలోదే. క్యాష్‌లెస్ (బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లే నేరుగా కట్టే), నగదు పేషెంట్లని ఒకే కాగితం మీద కలపకండి.

మధ్యలో ఎవరో ఒకరు "వాట్సాప్ గ్రూపు పెడదాం" అంటారు. కాదనకు, పక్కన వేరే చార్టు మీద రాసిపెట్టు. ఆరోజు పని ఉన్నది ఉన్నట్టు చూడడమే.

గీశాక వాచీ పట్టుకుని ఒక్క ఫైలు వెంట నడవండి. ఉదయం ఒకటి, ఆదివారం ఒకటి. అంకెలు కచ్చితంగా మారతాయి, దిద్దుకోండి.

గోడమీది కాగితం ఫొటో పంపు, ఎర్ర బాణాలు కనపడేలా.

నాన్న