గడువు మూడో పేజీలో దాక్కోకూడదు

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండ ప్రాంతంలోని ఒక బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా పనిచేసి ఈమధ్యే విరమణ పొందాను. ఊరితోపాటు చుట్టుపక్కల తండాలు కూడా మా ఆఫీసు కిందే ఉండేవి. పోస్టుమాస్టరంటే బల్ల వెనక కూర్చునే ఉద్యోగమని పట్నంవాళ్లు అనుకుంటారు. పల్లెలో సంచి విప్పేదీ, ముద్ర వేసేదీ, ఎండన పడి తండాకు వెళ్లి బట్వాడా చేసేదీ చాలాసార్లు ఒక్కరే. అంతటితో పని తీరదు. కవరు అందుకున్నవారు "ఇందులో ఏముంది సారూ?" అని అడిగితే చదివి చెప్పేదీ మేమే. నిబంధనల్లో ఆ పని లేదు, జీతంలో దానికి పైసా లేదు, అయినా కాదనలేం.

పిల్లల ఉత్తరాలు, పింఛను కాగితాలు చదవడానికి నేనెప్పుడూ తడుముకోలేదు. తడుముకున్నదల్లా రిజిస్టర్డ్ కవర్ల దగ్గరే. వకీలు నోటీసులు, బ్యాంకు నోటీసులు, భూసేకరణ కాగితాలు, అన్నీ ఇంగ్లిషులో. ఇంగ్లిషు దినపత్రిక రోజూ చదివేవాణ్ని, నాకే ఒక్కోసారి మొదటి పేరా రెండోసారి చదివితే తప్ప కర్త ఎవరో, కర్మ ఎవరో తేలేది కాదు.

ఏటా సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి తెలుగులో పాలన సాగాలని ఉపన్యాసాలు వింటున్నాం. సాగాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ రోజు వచ్చేదాకా ఇంగ్లిషు కాగితాలు ఆగవు కదా. పంపే ఆ ఇంగ్లిషునైనా అర్థమయ్యేలా పంపండని అడగడానికే ఈ ఉత్తరం.

రిజిస్టర్డ్ కవరు ఇచ్చేటప్పుడు అందినట్టు సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. ఆ రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుందని చాలామందికి తెలియదు. చెక్కు చెల్లలేదని నోటీసు వస్తే, అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు అవతలివారు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద కోర్టుకెక్కవచ్చు. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. కవరే తీసుకోకపోతే బాధ తప్పుతుందనుకునే తెలివైనవారూ ఉన్నారు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కాగితం, అందలేదని రుజువైతే తప్ప, అందినట్టే లెక్క అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతోంది. "తీసుకోవడానికి నిరాకరించారు" అని కవరు మీద మేం రాసే ముక్క రేపు కోర్టులో వారికే ఎదురు తిరుగుతుంది.

2024లో రెండు లక్షల రుణమాఫీ డబ్బులు ఖాతాల్లో పడుతున్న రోజులవి. ఒక తండాలో పత్తి వేసుకుని బతికే ఒంటరి మహిళకు కవరు ఇచ్చాను. వేలిముద్ర వేసి, అక్కడే చింపి చూసుకుంది. అక్షరాలు రావు గాని అంకెలు బాగా వచ్చు. కాగితం మధ్యలో రూపాయి గుర్తు, దాని పక్కన లక్ష దాటిన అంకె కనిపించాయి. "మాఫీ అయిందా సారూ?" అంది, ముఖమంతా వెలుగుతో.

అది ఎరువుల దుకాణం తరఫున వకీలు పంపిన నోటీసు. విత్తనాలు, మందు బస్తాలు ఉద్దెరకు తెచ్చుకున్నప్పుడు ఖాళీ చెక్కు మీద సంతకం చేయించుకుని పెట్టుకున్నారు. మా వైపు పత్తి రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. నేను చదవడం మొదలుపెట్టాను. నా కక్షిదారు సూచన మేరకు, ఆయన తరఫున, ఆయన పక్షాన, ఈ దిగువ సంతకం చేసిన నేను అని ఎత్తుకున్న మొదటి వాక్యం సగం పేజీ దాటినా ముగియలేదు. పైన చెప్పిన, ఇక్కడ చెప్పిన, ఇకమీదట ఇలా పిలవబడే అంటూ తిరిగి తిరిగి, చెక్కు నంబరు దగ్గర కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ బయలుదేరింది. పదిహేను రోజుల ముచ్చట మూడో పేజీలో ఉంది. అదీ అంకెల్లో లేదు, అక్షరాల్లో, మిగతా హక్కులకు భంగం కలగకుండా అన్న మాటల నడుమ, సగం మీద రబ్బరు ముద్ర పడి. మూడు పేజీల్లో ఆమెకు నిజంగా కావలసిన సంగతి అదొక్కటే.

ఆమె ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి వాయిదాల మీద ఒప్పించుకుంది. పక్క తండాలో అలాంటి కవరే అందుకున్న మరొకాయన దాన్ని దూలం సందులో దోపాడు. తర్వాత ఆయన ఇంటికి వచ్చింది కోర్టు సమను.

ఆ ఇంట్లో ఇంగ్లిషు వచ్చినవారు లేరనుకోకండి. గురుకులంలో పదో తరగతి చదివే మనవరాలు సెలవులకు వచ్చి ఉంది. కాగితం గడగడా చదివిందట. చదివి, "ఏదో చెక్కు గురించి తాతా" అని మడిచి ఇచ్చిందట. ఆ పిల్లను తప్పుపట్టలేను. సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిషు మీడియం పెట్టారు, గురుకులాల్లో అంతకుముందు నుంచే ఉంది. ఈ జిల్లాలో ఇప్పుడు ఇంగ్లిషు చదవగల పిల్ల లేని తండా తక్కువ. "మీరిచ్చిన చెక్కు బ్యాంకులో చెల్లలేదు. ఈ కాగితం అందిన 15 రోజుల్లో ఇంత డబ్బు కట్టండి. కట్టకపోతే మీ మీద క్రిమినల్ కేసు వేస్తాం. ఈ బాకీ మీది కాదనుకుంటే ఆ గడువులోగానే రాతపూర్వకంగా జవాబివ్వండి." ఇదే సంగతి ఇంతే చిన్న ఇంగ్లిషు వాక్యాల్లో ఉంటే ఏడో తరగతి పిల్ల కూడా తాతకు చెప్పేది. ప్రభుత్వం ఒక చేత్తో పిల్లలకు ఇంగ్లిషు నేర్పిస్తోంది. ఆ పిల్లలకు అంతుపట్టని ఇంగ్లిషులో వాళ్ల ఇళ్లకు కాగితాలు వెళ్తున్నాయి.

తెలుగులో రాస్తే సరిపోతుంది కదా అంటారు. అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. హైకోర్టులో ఇంగ్లిషే నడవాలన్నది రాజ్యాంగం 348వ అధికరణ, అయినా మన తెలంగాణ హైకోర్టే 2023లో ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనూ తీర్పు ఇచ్చి దారి చూపింది. సంతోషమే. కానీ ఆఫీసుల్లో తయారయ్యే తెలుగు సంగతి కూడా చెప్పుకోవాలి. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పై సూచికననుసరించి, తదుపరి తగు చర్య నిమిత్తం" అని సాగే కాగితం చదివి, ఇంతకీ నేనేం చేయాలి అని అడిగినవారిని కూడా చూశాను. ఈమధ్య కంప్యూటర్ చేత అనువాదం చేయించి పంపుతున్న నోటీసులైతే దేవుడికే తెలియాలి. మొదట ఇంగ్లిషులోనే తిన్నగా రాసుకోకపోతే దాని తెలుగు ఎక్కణ్నుంచి తిన్నగా వస్తుంది?

పరాయి మాటలు జనానికి అర్థం కావన్న వాదన నేను ఒప్పుకోను. నిజాం కాలపు కచేరీలు ఉర్దూలో నడిచాయి. జప్తు, జమానతు, వాయిదా, పంచనామా, దావా, ఈ మాటలు బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. బరువంతా వాక్యంలో ఉంది. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా అన్నవాటిని కలగలిపి ముద్దచేసే వాక్యం ఏ భాషలో ఉన్నా అంతే.

ఇది మన ఒక్కరి గోడు కూడా కాదు. ఇంగ్లిషు పుట్టిన దేశంలోనే 1979లో క్రిస్సీ మేహర్ అనే లివర్‌పూల్ మహిళ, అర్థంకాని సర్కారు ఫారాలను లండన్‌లో పార్లమెంటు ఎదుట ముక్కలు ముక్కలుగా చింపించి సరళమైన ఇంగ్లిషు కోసం ఉద్యమం మొదలుపెట్టింది. ఆమెకు చదవడం వచ్చిందే యుక్తవయసులో. అమెరికాలో 2010లో దీనికి చట్టమే చేశారు. పౌరులకు పథకాల గురించి, వారు పాటించాల్సిన వాటి గురించి చెప్పే కాగితాలు స్పష్టంగా, క్లుప్తంగా రాయాలని కేంద్ర శాఖలను ఆదేశించారు. నిబంధనల పుస్తకాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అక్కడా పూర్తిగా ధైర్యం చాలలేదన్నమాట.

మన సుప్రీంకోర్టుకే ఈ తలనొప్పి తగిలింది. హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటి 2021లో విచారణకు వస్తే, అందులోని పొడవాటి వాక్యాలు చదివి తలకు బామ్ రాసుకోవాల్సి వచ్చిందని ధర్మాసనంలోని జస్టిస్ ఎం.ఆర్. షా బహిరంగంగానే అన్నారు. ఆ కేసులో జస్టిస్ చంద్రచూడ్, ఆయన కలిసి 2022 ఆగస్టులో ఇచ్చిన తీర్పు, తీర్పులు చదివేవారికి అర్థమయ్యేలా, పేరాలకు అంకెలు వేసి, క్రమంగా రాయాలని చెప్పింది. బామ్ కొనుక్కునే స్తోమత ఉన్న న్యాయమూర్తులకే ఆ కష్టమైతే మా తండావారి మాట ఎందుకు?

దీని గురించి కోర్టు దగ్గర పరిచయమున్న ఒక వకీలును అడిగాను. మంచి మనిషి, దాపరికం లేకుండా చెప్పారు. "పాత మాటలకు కోర్టులో అర్థం స్థిరపడి ఉంటుంది సార్, మారిస్తే చిక్కు. ఇంకోటి, అవతలివాడు భయపడాలి కదా." మొదటి మాటను కొంత ఒప్పుకుంటాను. పేర్లు, తేదీలు, మొత్తాలు, సెక్షన్లు తు.చ. తప్పకుండా ఉండాలి. ఒకే సంగతిని మూడు మాటల్లో చెప్పడానికీ దానికీ సంబంధం లేదు. రెండో మాట మాత్రం బట్వాడా చేసినవాడిగా ఒప్పుకోలేను. భయపడినవాడు డబ్బు కట్టడు, కాగితం దాచిపెడతాడు. అర్థమైనవాడే దుకాణానికి వెళ్లి మాట్లాడతాడు.

భూసేకరణ కాగితాల దగ్గర ఇది ఇంకా ఖరీదైన వ్యవహారం. డిండి ఎత్తిపోతల పథకం కోసం మా వైపు చాలామంది భూములు ఇచ్చారు. 2013 చట్టం ప్రకారం తొలి నోటిఫికేషను పంచాయతీలో స్థానిక భాషలో ప్రకటించాలి. అక్కడిదాకా బాగుంది. పరిహారం చాలదనుకునేవారు, అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ప్రకటించినప్పుడు అక్కడ హాజరై ఉంటే, ఆ తేదీ నుంచి ఆరు వారాల్లో కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అంతకంటే ముఖ్యం, డబ్బు తీసుకునేటప్పుడే అభ్యంతరంతో తీసుకుంటున్నానని తెలపాలి. తెలపకుండా తీసుకుంటే ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. ఎకరాలు పోగొట్టుకున్నవారికి ఎంత విలువైన సంగతి ఇది! సెక్షను నంబర్ల మధ్య కాక, మొదటి పేజీ నెత్తిన లావుపాటి అక్షరాల్లో ఉండాల్సిన ముక్క.

కాబట్టి నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. కలెక్టరు కార్యాలయం నుంచైనా, బ్యాంకు నుంచైనా, వకీలు నుంచైనా వెళ్లే ప్రతి నోటీసు మొదటి పేజీ పైభాగంలో అరచేతి మందం చోటు వదలాలి. ఎవరు పంపారు, ఎందుకు పంపారు, మీరు ఏం చేయాలి, అందిన నాటి నుంచి ఎన్ని రోజుల్లో చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నది చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిషులో, దాని పక్కనే తెలుగులో రాయాలి. కింద వారి పాత భాష ఎంతైనా రాసుకోనివ్వండి. ఆ చోటులోనే 15100 అన్న ఫోను నంబరు అచ్చువేయాలి. అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మా తండాల్లో దాదాపు ప్రతి ఇల్లూ ఇందులోకి వస్తుంది. ఆ సంగతి తెలిసిన ఇల్లు మాత్రం నాకు తగల్లేదు.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అంటే అర్థంకాని కాగితం ఇప్పుడు మరింత వేగంగా ఇంటికి చేరుతుంది.

చివరగా మీకూ ఒక విన్నపం. అప్పు కట్టని ఇళ్లను బ్యాంకులు స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ నోటీసును రెండు దినపత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రచురించాలన్నది నిబంధన. అవి మీ జిల్లా పేజీల అడుగున చీమతలంత అక్షరాల్లో వస్తుంటాయి. డబ్బిచ్చి వేయించుకునే ప్రకటనలో మాట మార్చే అధికారం మీకు లేదని తెలుసు. కనీసం ప్రతి దాని పైన ఏ మండలం, ఏ ఊరు, ఎప్పటిలోగా అన్నది పెద్ద అక్షరాల్లో ఒక వరుసగా ఉండాలని ప్రకటన తెచ్చినవారిని అడగవచ్చు. ఆ ఇంటివారు పత్రిక చదవకపోవచ్చు. ఊరి పేరు కంటపడితే టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు చూసి చెబుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా