చప్పట్లతో పాటు ఆ తర్వాతి సంగతీ వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

బ్రిటన్ పార్టీల వార్షిక సదస్సుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మన దగ్గర సభ అంటే లారీల్లో జనం, బిర్యానీ పొట్లాలు. అక్కడేమో విధానాల మీద చర్చ అన్న ధోరణిలో సాగింది. నేను పదకొండేళ్లుగా మాంచెస్టర్‌లో ఉంటున్నాను. ఇక్కడ లారీలు లేని మాట నిజమే. చర్చ ఉందన్న మాటతోనే నాకు పేచీ.

కన్జర్వేటివ్ పార్టీ సదస్సు కొన్నేళ్లుగా ఒక ఏడాది బర్మింగ్‌హామ్‌లో, మరుసటి ఏడాది మా ఊళ్లో జరుగుతోంది. ఆ నాలుగు రోజులూ నగరం నడిబొడ్డున ఇనుప కంచెలు లేస్తాయి. ఆఫీసుకు వెళ్లేటప్పుడు నేను ట్రామ్ దిగేది సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో. మెడలో కార్డులు వేలాడేసుకుని సూట్ల వాళ్లు లోపలికి పోతుంటారు, బయట డప్పులూ నినాదాలూ, మధ్యలో పోలీసులు. సభ జరిగే హాలు ఒకప్పటి రైల్వే స్టేషన్. 1880లో తెరిచారు, 1969లో మూసేశారు. ఆ పెద్ద కమాను కప్పు మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

2023 అక్టోబరులో ఆ కప్పు కిందే ప్రధాని రిషి సునాక్ ప్రసంగించారు. బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్ దాకా వేయాల్సిన హైస్పీడ్ రైలు మార్గం రద్దన్నారు. మాంచెస్టర్‌కు రైలు రాదన్న కబురు మాంచెస్టర్‌కే వచ్చి, అదీ పాత స్టేషన్లో నిలబడి చెప్పారన్నమాట! సదస్సు నినాదమేమో, ఉజ్వల భవిష్యత్తు కోసం దీర్ఘకాలిక నిర్ణయాలని. హాల్లో చప్పట్లు మోగాయి. ఇన్ఫోసిస్ అల్లుడు, మనవాడు అని మురిసిపోయిన వాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి ఆ సాయంత్రం కాస్త ఎక్కువే చిన్నబుచ్చుకున్నాను.

మిగిలే 3,600 కోట్ల పౌండ్లూ వేరే రవాణా పనులకు పెడతామంటూ అదే రోజు ఒక జాబితా వదిలారు. అందులో మాంచెస్టర్ విమానాశ్రయానికి ట్రామ్ లైను కూడా ఉంది. ఆ లైను 2014 నుంచీ నడుస్తోంది. అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు, పచ్చళ్ల డబ్బాలున్న రెండు సూట్‌కేసులతో సహా వాళ్లను ఇంటికి తెచ్చుకున్నది ఆ ట్రామ్‌లోనే. గోల మొదలయ్యాక దాన్ని జాబితాలోంచి తీసేశారు. ఉపన్యాసం రాసేవాళ్లలో ఒక్కరైనా ఒక్కసారి ఆ బండెక్కి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

ఇదొక్కటే కాదు. 2017లో ఇదే హాల్లో అప్పటి ప్రధాని థెరిసా మే మాట్లాడుతుంటే దగ్గు ఆగలేదు, ఒక హాస్యనటుడు వేదిక దగ్గరికి వచ్చి ఉద్యోగం ఊడినవాళ్లకిచ్చే కాగితం చేతిలో పెట్టాడు, వెనక గోడ మీది నినాదంలో అక్షరాలు ఊడిపడ్డాయి. 2022లో ప్రధాని లిజ్ ట్రస్ బర్మింగ్‌హామ్‌లో ‘అభివృద్ధి, అభివృద్ధి, అభివృద్ధి’ అన్న పదిహేను రోజులకే రాజీనామా ప్రకటించారు.

లేబర్ పార్టీ అలా కాదు, అక్కడ కార్యకర్తలు తీర్మానాల మీద ఓటు వేస్తారు కదా అంటారు. వేస్తారు. వృద్ధులకు చలికాలంలో ఇచ్చే ఇంధన భత్యాన్ని 2024లో లేబర్ ప్రభుత్వమే చాలామందికి కోసేసింది. ఆ కోతను వెనక్కి తీసుకోవాలని సెప్టెంబరులో లివర్‌పూల్ సదస్సు ఓటు వేసి మరీ తేల్చింది. ఆ తీర్మానానికి ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేదు, కట్టుబడలేదు కూడా. మరుసటి ఏడాది మే నెలలో స్థానిక ఎన్నికల్లో చావుదెబ్బ తిన్నాక, జూన్‌లో ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పెద్దలందరికీ మళ్లీ ఇస్తామన్నారు. సొంత కార్యకర్తల చేతులు లేస్తే కనపడనిది, బ్యాలెట్ పెట్టె తెరిస్తే కనపడింది.

ఇంతకంటే నాకు గుర్తుండిపోయినది ఇదే పార్టీ 2005 బ్రైటన్ సదస్సు. విదేశాంగ మంత్రి జాక్ స్ట్రా ఇరాక్ యుద్ధాన్ని సమర్థిస్తూ మాట్లాడుతుంటే వాల్టర్ వోల్ఫ్‌గాంగ్ అనే పెద్దాయన తన కుర్చీలోంచే ‘అర్థం లేని మాటలు’ అని ఒక్క కేక వేశాడు. ఆయనకు 82 ఏళ్లు. నాజీల జర్మనీ నుంచి తప్పించుకొచ్చి, దశాబ్దాలుగా పార్టీలో ఉన్నవాడు. కార్యకర్తలు చేతులు పట్టుకుని ఆయన్ని బయటికి ఈడ్చేశారు. తిరిగి లోపలికి రాబోతే పోలీసులు ఉగ్రవాద చట్టం కింద ఆపారు. మర్నాడు అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ క్షమాపణ చెప్పారనుకోండి. వార్షిక సదస్సులో వినబడిన అసలైన చర్చ ఆ ఒక్క కేకేనేమో అనిపిస్తుంది నాకు.

మీకు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఉపన్యాసాల సెగ ఒంగోలులో మా అమ్మ దాకా వస్తోంది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో హోంమంత్రి షబానా మహమూద్, శాశ్వత నివాసం కావాలంటే ఉద్యోగం ఉండాలి, ఇంగ్లిష్ బాగా రావాలి, స్వచ్ఛంద సేవ కూడా చేయాలి అన్నట్టు షరతులు చదివారు. మర్నాడు పొద్దున్నే ఫోను. “ఏరా, మిమ్మల్నందర్నీ పంపిచ్చేస్తారంట గదా? టీవీలో ఒకటే గోల.” నేను ఇక్కడి పౌరసత్వం తీసుకుని రెండేళ్లయిందని గుర్తు చేశాను. అయినా సాయంత్రం మళ్లీ చేసింది. ఆమె తప్పేం లేదు. ప్రతిపాదనకూ, అమల్లోకొచ్చిన నిబంధనకూ తేడా చెప్పకుండా ‘బ్రిటన్ షాక్’ అని పెట్టేస్తే ఏ తల్లికైనా ఏం తెలుస్తుంది? నిజంగా కొంప ముంచే మార్పులు వస్తూనే ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో నైపుణ్య ఉద్యోగ వీసాకు కనీస జీతం 26,200 నుంచి 38,700 పౌండ్లకు పెంచారు. మా స్నేహితుడి చెల్లెలి ఉద్యోగం దాని దెబ్బకే పోయింది. వేదిక మీది మాటకూ దానికీ ఒకే సైజు అక్షరాలు వాడకండి.

కాబట్టి నా కోరిక చిన్నదే. వచ్చే శరదృతువులో మళ్లీ ఈ ఉపన్యాసాల వార్తలు వేసేటప్పుడు, పక్కనే ఒక చిన్న పెట్టె కట్టి, అదే నాయకుడు కిందటేడు అదే వేదిక మీద ఏమన్నాడో, అది ఏమైందో నాలుగు ముక్కలు వేయండి.

వీలైతే ఇంకో మాట కూడా. ఇక్కడ వీసా మీద ఉంటున్న మన పిల్లలు భారత పౌరులుగానే ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. కామన్‌వెల్త్ దేశాల వాళ్లకు ఆ హక్కుంది. 2024 జులై ఎన్నికలకు ముందు మా వీధిలో అద్దెకుండే నలుగురు కుర్రాళ్లకు ఈ సంగతి చెబితే, “మాకెక్కడి ఓటు అన్నా!” అని నవ్వారు. ఒక్కడు మాత్రం పేరు రాయించుకున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు
మాంచెస్టర్ (స్వస్థలం ఒంగోలు)