పెద్దలకూ ఆట కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది; పెద్దలకు మాత్రం ఆట అంటే కాలక్షేపమేనన్న చులకన భావం మన కోనసీమ ఊళ్లలో ఇంకా పోలేదు. మా వీధి అరుగు మీద మధ్యాహ్నం పూట వామనగుంటలు ఆడే ఇద్దరు పెద్దమ్మలు, 14 గుంటల్లో చింతపిక్కలు పంచుతూ, అవతలివారి ఎత్తును ముందే లెక్కగడుతూ, ఓడినా పకపకా నవ్వుతూ ఉంటే, వారి ముఖాల్లోని వెలుగు ఏ ఉపన్యాసంతోనూ రాదనిపిస్తుంది. ఆటతో పాటు, జీవిత లక్ష్యాలు తేల్చుకోవడానికి తోడ్పడే లైఫ్ కోచింగ్ మీద కూడా నాకు గౌరవమే ఉంది: మంచి కోచ్ సలహాలు గుప్పించడు, సరైన ప్రశ్నలడిగి మన లక్ష్యాన్ని మన నోటనే చెప్పిస్తాడు. అయితే అది వైద్యం కాదు. దిగులు వీడనివారు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయాలి.

తీరగ్రామాల్లోని తుపాను రక్షణ భవనాలను మామూలు రోజుల్లో వారానికొక సాయంత్రమైనా తెరిచి, అన్ని వయసులవారికీ ఆటలు, లైఫ్ కోచ్‌లతో ముఖాముఖి ఏర్పాటు చేయాలని పంచాయతీలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, అమలాపురం