పాత స్టిక్కర్‌కి రంగు కలపాలంటే ఫోన్ ఫొటో చాలదండీ

బైకు ట్యాంకు స్టిక్కర్లు, కారు సైడు గ్రాఫిక్స్ మన దగ్గర వేయించుకునే వాళ్లందరికీ ఒక మాట. ఒక పక్క గీరుకుపోయింది, ఆ ముక్క ఒక్కటే కావాలి అంటే ఇకనుంచి వాట్సాప్ ఫొటో చూసి ఆర్డర్ తీసుకోం. బండి తీసుకురండి, లేదా పాత స్టిక్కర్ ముక్క పంపండి, వేలెడంత ఉన్నా చాలు.

ఫోన్ కెమెరా రంగుని తన లెక్కలో సర్దేస్తుంది, ఎండలో తీస్తే ఒకలా, ట్యూబ్‌లైటు కింద తీస్తే ఇంకోలా. పైగా తెర మీద రంగు వెలుగుతో వస్తుంది, మా ప్రింటరేమో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులతో వేస్తుంది కాబట్టి కొన్ని నారింజలు, మెరిసే నీలాలు ఎంత కుస్తీ పట్టినా కాస్త మసకగానే దిగుతాయి. ఫ్లోరొసెంట్ రంగులు, సిల్వర్ అసలు ప్రింట్‌లో రావు. వాటికి ఆ రంగు షీటే తెచ్చి కట్ చేయాలి.

చాలామంది అడిగేది, కంపెనీ వాళ్లు ఆ రంగుకి ఇచ్చిన ఒరిజినల్ కలర్ కోడ్ ఉంది కదా, అది వేసేయొచ్చుగా అని. యమహా ఆర్‌ఎక్స్ 100 బైకునే తీసుకోండి, 1996లో తయారీ ఆగిపోయిన బండి. ఇన్నేళ్లు ఎండలో తిరిగిన ట్యాంకు మీద ఎరుపు వెలిసిపోయి ఉంటుంది, నలుపు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది, అదే స్టిక్కర్‌లో సీటు కింద నీడలో ఉన్న కొస ఇంకా ముదురుగా కనిపిస్తుంది. కోడ్ ప్రకారం వేస్తే కొత్త బండికి కలుస్తుంది, మీ బండికి కలవదు. అందుకే ఏ చోటి రంగుకి కలపాలో మిమ్మల్నే అడుగుతాం.

నాలుగైదు షేడ్లు చిన్న ముక్కలుగా తీసి, ఇంకు ఆరాక లామినేషన్, అంటే పైన పల్చటి పారదర్శక ఫిల్మ్, వేసి, అప్పుడు బండి పక్కన పెట్టి ఎండలోనూ నీడలోనూ చూస్తాం. లామినేషన్ వేయకముందు చూసిన రంగుని నమ్మకూడదు. మెరిసే గ్లాసీ ఫిల్మ్ వేస్తే రంగు చిక్కబడుతుంది, మెరుపు లేని మ్యాట్ వేస్తే తేలిపోతుంది. ఇంకు ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, తొందరపడి పైన ఫిల్మ్ వేసేస్తే తర్వాత అంచులు లేస్తాయి. పొద్దున ఇచ్చి సాయంత్రం కావాలంటే కుదరదు, ఎంత తెలిసినవాళ్లైనా సరే. షేడ్ ముక్కలకి విడిగా డబ్బు తీసుకోం.

అన్నీ చేశాక కూడా కలవకపోతే కలవలేదనే చెప్తాం. అప్పుడు రెండు పక్కలా ఒకే రోల్ మీద ప్రింట్ చేయించుకోవడమే మంచిది, ఎందుకంటే స్టిక్కర్ ప్రింట్ చేసే తెల్ల వినైల్ షీటులో కూడా రోల్‌కీ రోల్‌కీ తెలుపు తేడా ఉంటుంది, దాని మీద పడ్డ రంగూ మారుతుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఎడమ పక్క ఒక ఎరుపు, కుడి పక్క ఇంకో ఎరుపుతో బండిని మీకు అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు.

బండి తెచ్చేముందు స్టిక్కర్ మీద దుమ్ము తడిగుడ్డతో తుడవండి, పాలిష్ మాత్రం పెట్టొద్దు. ముక్క కొరియర్ చేసేవాళ్లు మడవకుండా గట్టి అట్ట మధ్య పెట్టి పంపండి, బండి మోడల్, ఏ పక్కది అనేది అట్ట మీదే రాయండి.