చచ్చిన కొంగ ఏ శాఖ కిందికి వస్తుంది?

సంపాదకులు గారికి,

అయ్యా,

బర్డ్ ఫ్లూ గురించి గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. బాగా ఉడికించిన కోడిమాంసం, గుడ్లు తినవచ్చని అధికారులు చెప్పింది నిజమే; 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ బతకదు. కానీ ఆ వార్త అంతా తినేవాళ్ల కోసమే రాసినట్టుంది. చెరువుకట్ట మీద పక్షి చచ్చిపడి ఉంటే ఎవరికి చెప్పాలో అందులో ఎక్కడా లేదు.

పోయిన నెల మా ఊరి చెరువుకట్ట కింద తుమ్మచెట్ల దగ్గర నాలుగు తెల్లకొంగలు, రెండు కాకులు చచ్చిపడి కనిపించాయి. ఇంకో కొంగ కొనఊపిరితో, మెడ పక్కకు వంకరపోయి, లేవలేక ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. నేను ఫోన్ చేసిన మొదటి కార్యాలయంలో అడవి పక్షులు తమ పరిధి కాదన్నారు. రెండో చోట కోళ్లు చస్తే చెప్పమన్నారు. మూడో చోట చెత్త బండిలో వేసేయమన్నారు. సాయంత్రానికి ఒక కొంగను కుక్క నోట కరచుకుని వాడలోకి లాక్కుపోయింది. నాలుగో రోజు వాసన భరించలేక మేమే మూతికి గుడ్డ, చేతులకు కవర్లు కట్టుకుని, గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చాము. అవి బర్డ్ ఫ్లూతోనే చచ్చాయని నేను అనడం లేదు, పొలాల్లో కొట్టిన మందు కూడా కావచ్చు. పరీక్ష చేయలేదు కనుక అదేమిటో ఇక ఎన్నటికీ తెలియదు. నమూనాలు చల్లగా, చెడిపోకుండా భోపాల్‌లోని ప్రయోగశాలకు చేరితేనే నిర్ధారణ అవుతుంది. కుళ్లిపోయాక ఎవరు వచ్చి ఏం లాభం?

మన పల్లెల్లో పెరటికోడి చస్తే, కోళ్లకు మామూలుగా వచ్చే కొక్కెర తెగులు అనుకుని ఊరుకుంటారు. తలపై జుట్టు నీలంగా మారినా, ఒక్క రాత్రిలో గంపెడు కోళ్లు పోయినా అదే మాట. వాళ్లను తప్పుపట్టలేము, తేడా ఏమిటో ఊరికి వచ్చి చెప్పినవారు లేరు.

మన దేశంలో ఈ జబ్బు 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లఫారాల్లో బయటపడింది. 2021 జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ వద్ద వేల సంఖ్యలో వలస పక్షులు చనిపోయాయి, వాటిలో ఎక్కువ భాగం మన చెరువులకూ చలికాలంలో వచ్చే పట్టెతల బాతులే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చినప్పుడు మన తెలంగాణ సరిహద్దులో కోళ్ల లారీలను ఆపారు. ఆ పని సరైనదే. ఆ మార్చిలోనే ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల పాప ఈ వైరస్‌తో కన్నుమూసింది. ఇంత జరిగాక కూడా లారీల మీద ఉన్న శ్రద్ధ పాకాల, లక్నవరం, రామప్ప వంటి పెద్ద చెరువుల మీద లేకపోతే ఎలా? కొన్ని జాతుల అడవి బాతులు జబ్బు పైకి కనపడకుండానే వైరస్‌ను మోస్తాయి, వాటి రెట్ట నీటిలో కలుస్తుంది, ఆ నీళ్లే మన కోళ్లు తాగుతాయి. అలాగని టపాసులు కాల్చి పక్షులను తరిమేయాలని మా ఊరిలో కొందరు అంటున్న మాటను నేను ఒప్పుకోను. చెదిరిన పక్షులు ఇంకో నాలుగు చెరువులకు జబ్బును మోసుకుపోతాయి.

ఆలస్యానికి మూల్యం చెల్లించేది చిన్న రైతు. జబ్బు పాకకుండా ప్రభుత్వం తన చేతులతో చంపించిన కోళ్లకే పరిహారం ఇస్తుంది, అంతకుముందే చచ్చినవాటికి రాదు. అధికారి రావడానికి పట్టే ఒక్కో రోజూ అప్పు చేసి ఫారం వేసుకున్నవాడి నష్టంలోకే పోతుంది. కోడి ధర పడిపోగానే చికెన్ మేళాలు పెట్టడానికి దొరికే తీరిక, చచ్చిన పక్షిని చూడడానికి ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

కోడి అయినా, కొంగ అయినా, కాకి అయినా జిల్లాకు ఒకే నంబరు ఉండాలి. ఆ నంబరును ప్రతి చెరువుకట్ట మీద, ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద రంగుతో రాయించాలి. జిల్లా అధికారులు దాన్ని ప్రకటించిన రోజున దయచేసి మీ జిల్లా పేజీలో మొదటి వార్తగా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ జిల్లా