ఆ చుక్కకి పైన ఒక్క కొనే ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జర్మనీ బీరు మీద వేసిన వ్యాసం చదివాం. వ్యాసానికి వంక పెట్టడానికి లేదు. తప్పంతా బొమ్మలోనూ, బొమ్మ కింద రాసిన ముక్కలోనూ ఉంది. బీరు కాచేవాళ్ళ సంఘం గుర్తయిన ఆరు కొనల చుక్కను పక్కకి తిప్పి గీశారు. కింద ‘యూదుల నక్షత్రం’ అని రాశారు. బోర్డులు రాయడమే మా పని కాబట్టి ముందు గీత సంగతి చెప్తాం.

పొరపాటు ఎక్కడ జరిగిందో బొమ్మ చూస్తేనే తెలుస్తోంది. వృత్తం గీశాక కంపాస్‌ను కదల్చకుండా అదే కొలతతో వృత్తం చుట్టూ ఆరు గుర్తులు పెట్టాలి. మొదటి గుర్తు నిలువు గీత పై కొసన పడాలి. మీ చిత్రకారుడు అడ్డ గీత కొస నుంచి మొదలుపెట్టినట్టున్నాడు. అందుకే పైన ఒక కొన రావాల్సిన చోట రెండు వచ్చాయి. కంపాస్ ముల్లు ఒక్కో గుర్తుకి అంగుళంలో ఎనిమిదో వంతు జరిగినా, ఆరు తిరిగేసరికి ముప్పావు అంగుళం తేడా వస్తుంది. చివరి గుర్తు మొదటి దాని మీద పడకపోతే చెరిపేసి మళ్ళీ గీసుకోవాల్సిందే, సర్దితే కుదరదు.

9 అంగుళాల వ్యాసార్ధం తీసుకుంటే గుర్తు విడిచి గుర్తు కలిపిన గీత 15.6 అంగుళాలు వస్తుంది. అలాంటివి మూడు కలిస్తే ఒక త్రిభుజం. రెండు త్రిభుజాల గీతలు ఒక్కో కొస నుంచి 5.2 అంగుళాల దగ్గర ఒకదాన్నొకటి దాటతాయి. చెక్క పట్టీలతో చేస్తే ఈ లెక్క పట్టీ నడిమి గీతకి పట్టుకోవాలి, అంచుకి కాదు. దాటే చోట సగం మందం కోసి ఒకదాన్లో ఒకటి కూర్చోబెట్టాలి. కోయడానికి బద్ధకించి ఒకదాని మీద ఒకటి పెట్టి మేకు కొడితే వెనకది లోతుకి పోతుంది. ఎండలో నీడపడి వీధి చివరికి రెండు విడి త్రిభుజాల్లా కనపడుతుంది.

ఇక గుర్తు పుట్టుక. న్యూరెంబర్గ్‌లో 1388లో మెండెల్ అనే వర్తకుడు పన్నెండుమంది ముసలి చేతివృత్తులవాళ్ళకి ఆశ్రయం కట్టించాడు. అక్కడ ఉన్న ఒక్కొక్కరినీ వాళ్ళ పనిలో ఉండగా బొమ్మ గీయించి పుస్తకంలో పెట్టారు. 1425 ప్రాంతంలో వేసిన బొమ్మలో ఒక పెద్దాయన బీరు కాగును కలుపుతుంటాడు, పైన ఆరు కొనల చుక్క ఉంటుంది. బీరు కాచేవాడితో ఈ చుక్క కలిసి కనపడే పాత ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. యూదుల సంగతి వేరు. 1354లో ప్రాగ్ యూదులకి సొంత జెండా హక్కు దక్కిందని, దాని మీద ఈ చుక్క వాడారని చెబుతారు. కానీ అది యూదులందరి గుర్తుగా స్థిరపడింది చాలా తర్వాత, 1897లో బాసెల్‌లో జరిగిన జయనిస్టుల (యూదులకి సొంత దేశం కోరినవాళ్ళ) మహాసభ నాటికి. గీత ఒకటే అయినంత మాత్రాన ఒకరి నుంచి ఒకరికి వెళ్ళిందనలేం.

జర్మనీలోని బవేరియా రాష్ట్రపు ఈశాన్యాన ఓబర్‌ఫాల్ట్స్ ప్రాంతంలో ఈ చుక్క ఇప్పటికీ పనిచేస్తోంది. విండిష్‌ఎషెన్‌బాఖ్, నొయ్‌హౌస్, ఫాల్కెన్‌బెర్గ్ లాంటి ఊళ్ళలో బీరు కాచే హక్కు మనిషికి కాదు, ఇంటికి ఉంటుంది. ఊరంతటికీ ఒకటే వంటశాల. అక్కడ కట్టెల మంట మీద కాచి, కాగుకి అద్దె కట్టి, చల్లారిన రసాన్ని ఇంటి నేలమాళిగకి తెచ్చుకుని పులియబెడతారు. బీరు సిద్ధమైన ఇంటివాళ్ళు గోడకి కర్ర దించి చుక్క వేలాడదీస్తారు. మధ్యలో గ్లాసు బొమ్మో పచ్చటి కొమ్మో పెడతారు. అయిపోతే దించేస్తారు, తర్వాత ఇంకో ఇంటి వంతు. ఆ బీరు పేరు ట్సోయిగ్ల్, వాళ్ళ యాసలో ఆ మాటకి ‘గుర్తు’ అనే అర్థం. అందుకే దాన్ని అలంకారం అనుకోకూడదు. చుక్క ఉందంటే బీరుంది.

అర్థాల దగ్గరికొస్తే, పైకి చూసే త్రిభుజం నిప్పు, కిందికి చూసేది నీరు, రెండూ కలిస్తే గాలీ మట్టీ కూడా వచ్చేస్తాయని పాత రసవాదుల లెక్క. పక్కకి తిప్పితే ఆ పైకీ కిందికీ అనేదే పోతుంది, మా గొడవంతా అందుకే. ఇంకో లెక్కలో ఒక త్రిభుజానికి నిప్పు, నీరు, గాలి. రెండోదానికి మాల్ట్, హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే తీగ పువ్వులు), నీరు. మాల్ట్ అంటే మన రాగిమాల్ట్ లాంటిదే, బార్లీని మొలకెత్తించి ఎండబెట్టింది. 1516 బవేరియా శాసనంలోనూ బార్లీ, హాప్స్, నీరు అనే మూడే ఉన్నాయి. పులియబెట్టే ఈస్ట్ మాట లేదు. ఈ రెండో లెక్క తర్వాత అతికించిందనే మా అనుమానం.

అయినా కాచేవాడి కష్టం నిప్పు, నీరు, గాలి అనే ఆ మూడింటితోనే. నిప్పు ఎక్కువై మాల్ట్ నానిన నీళ్ళు 78 డిగ్రీలు దాటితే పిండిని చక్కెర చేసే గుణం చచ్చిపోతుంది. 60-65 దగ్గర కొంతసేపు, 72 దగ్గర కొంతసేపు ఆపాలి. కలపడం ఆపితే పాయసం లాగే అడుగంటి బీరంతా మాడు వాసన. నీటిలో కరిగిన లవణాలను బట్టి ఏ రంగు బీరు కుదురుతుందో మారుతుంది: మ్యూనిక్ గరుకు నీళ్ళకి నల్ల బీరు కుదిరింది, పిల్సెన్ మెత్తటి నీళ్ళకి లేత బంగారు రంగుది. కనిగిరి నీళ్ళు తాగినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? గాలి సంగతి ఇంకా తిరకాసు. కాచిన రసాన్ని లోతు లేని వెడల్పు తొట్టిలో రాత్రంతా చల్లారబెడతారు. ఎండాకాలంలో అలా పెడితే పులుపెక్కుతుంది. సింగరాయకొండలో పొద్దున దించిన తాటికల్లు, కుండకి సున్నం పూయకపోతే మధ్యాహ్నానికి ఏమవుతుందో తెలిసిందే. బవేరియాలో 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడమే ఆపించారు.

మన సుబ్రహ్మణ్యస్వామి యంత్రంలోనూ షట్కోణం ఉంది కాబట్టి ఇక్కడి నుంచే అక్కడికి వెళ్ళిందని ఫోన్లలో తిప్పుతున్నారు. దయచేసి దాన్ని అచ్చు వేయకండి. వృత్తాన్ని దాని వ్యాసార్ధంతోనే కొలిస్తే ఏ దేశంలోనైనా ఆరే వస్తాయి. సంక్రాంతి ముగ్గులు వేసే ఆడవాళ్ళని అడిగినా చెప్తారు.

సవరణ వేసేటప్పుడు పైన ఒక కొన, కింద ఒక కొన ఉండేలా చూడండి. కింద ‘బీరు కాచేవాళ్ళ చుక్క’ అంటే చాలు. మధ్యలో గ్లాసు పెట్టించాలనుకుంటే, పైన చెప్పిన కొలతకి లోపలి ఖాళీ ఎత్తు 9 అంగుళాలు. అంగుళం పట్టీ అటు అర, ఇటు అర తినేస్తే మిగిలేది 8. గ్లాసు అంతకు మించితే గీతల మీదికి ఎక్కుతుంది.

– బోర్డులు రాసే పనివాళ్ళం కొందరం, ఒంగోలు