హారిక వ్యాసం గురించి శ్యామలకి

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

ఏమే శ్యామలా,

అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? అన్నయ్యగారు ఇంకా పలాస క్యాంపుల్లోనే తిరుగుతున్నారా? ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ నిన్ను మరీ మరీ అడిగినట్టు రాయమంది.

హారికకి వ్యాసరచన పోటీ ఉందనీ, అంశం పిల్లల ఇష్టానికే వదిలేశారనీ, ఏది తీసుకుంటే బాగుంటుందో చెప్పమనీ ఫోన్లో అడిగావు కదా. ఏదో ఒకటి అప్పటికప్పుడు చెప్పెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఇన్నేళ్లుగా తెలుగు వ్యాసాలు దిద్దుతున్నదాన్ని, దీని గురించి నా మనసులో చాలా ఉంది. తీరిగ్గా రాద్దామని ఆదివారం దాకా ఆగాను. ఓపిగ్గా చదువు.

మా పిల్లలకి "మీకు నచ్చిన అంశం మీద రాయండి" అని చెబితే ఏం ఎంచుకుంటారో ముందు అది చెబుతా. మగపిల్లల్లో చాలామంది సెల్‌ఫోను లాభనష్టాల మీద పడతారు. ఆడపిల్లలు ఎక్కువగా సంక్రాంతి, అమ్మ, పర్యావరణం. అబ్దుల్ కలాం అందరికీ ఉన్నాడు. మిగతావి క్యాలెండరే ఇచ్చేస్తుంది. జూన్ 5న చెట్లు, ఆగస్టు 15న జెండా, ఆగస్టు 29న తెలుగు భాష, సెప్టెంబరు 5న గురువు, అక్టోబరు 2న గాంధీగారు, నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయాలు, ఫిబ్రవరి 28న సైన్సు. మనం చదువుకున్నప్పుడూ దాదాపు ఇవే కదా! అప్పట్లో సెల్‌ఫోను బదులు టీవీ ఉండేది, అంతే తేడా.

కొత్తగా చేరిన టీచర్లు ఈ అంశాలు పాతబడిపోయాయి, మార్చేద్దాం అంటుంటారు. నేను ఒప్పుకోను. నీళ్లు, చెట్టు, పండగ, పుస్తకం, దేశం... ఇవి పాతబడేవి కావే. పిల్లకి ఆ అంశంతో ముఖపరిచయం కూడా కాకముందే పేజీ నిండిపోవడం, అదీ నా బాధ. గైడులో ఉపోద్ఘాతం ఉంటుంది, లాభాలు ఉంటాయి, నష్టాలు ఉంటాయి, ముగింపు కూడా ఉంటుంది. పిల్ల చెయ్యి నొప్పెట్టేలా రాస్తుంది, మార్కులూ వస్తాయి. రాసింది మాత్రం ఎవరో తెలీదు. నలభై కాగితాలు దిద్దాక పేర్లు మార్చేసినా నాకు తేడా తెలియదేమో అనిపిస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం కూడా సహించదు.

ఒక పిల్ల సంగతి చెబుతాను విను. ఎనిమిదో తరగతి, సింగ్‌నగర్ నుంచి వస్తుంది. "ప్రకృతి వైపరీత్యాలు" మీద రాసింది. భూకంపం అంటే ఏమిటి, అగ్నిపర్వతం అంటే ఏమిటి, సునామీ అనే మాట ఏ భాషది... అన్నీ పొందిగ్గా ఉన్నాయి. చదువుతుంటే నాకు గుర్తొచ్చింది, 2024 వరదల్లో ఈ పిల్ల ఇంటివాళ్లంతా డాబా మీద ఉండిపోయారు. ఆ ఊసు ఒక్క వాక్యంలో కూడా లేదు! పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఇష్టమైతేనే, ఆ నాలుగు రోజులూ రాస్తావా?" అన్నాను. "అది కూడా వ్యాసంలో రాయొచ్చా టీచర్?" అంది. ఆ ప్రశ్నకి నా గుండె కలుక్కుమంది.

మర్నాడు రాసుకొచ్చింది. మెట్ల మీద నీళ్లు ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే వాళ్ల తమ్ముడు లెక్కపెట్టడం, ఖాళీ గ్యాసుబండ నీళ్లమీద తేలి తలుపుకి కొట్టుకోవడం, డ్రోన్ వచ్చి అన్నం పొట్లాలు వదిలితే పక్కింటి డాబా వాళ్లు సగం ఇటు అందించడం, నీళ్లు తీశాక ఫైరింజన్ వచ్చి వీధుల్లో ఒండ్రు కడగడం, తాడు మీద ఆరేసిన పుస్తకాల్లో పేజీలు అంటుకుపోయి సోషల్ పుస్తకం ఇటుకలా గట్టిపడటం. చివర్లో ఒక ప్రశ్న రాసింది: "కృష్ణ మా ఇంటికి చాలా దూరం. మరి మాకెందుకు వచ్చాయి నీళ్లు?"

శ్యామలా, వ్యాసం అక్కడ మొదలైందే. ఆ ప్రశ్నతో మేమిద్దరం మ్యాపు ముందేసుకుని కూర్చున్నాం. బుడమేరు అసలు కొల్లేట్లో కలవాల్సిన వాగు. ఊరిని ముంచకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కాలువ తవ్వి, వరద నీళ్లని కృష్ణలోకి మళ్లించారు. ఆ ఏడు ఆగస్టు చివర్న కుండపోత కురిసేసరికి మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి. కాలువ పోయి కలవాల్సిన కృష్ణ కూడా అప్పుడు నిండుగానే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ లేదు. దాంతో బుడమేరు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారిలోనే ఇప్పుడు ఇళ్లున్నాయి. బుడమేరుని బెజవాడ దుఃఖదాయిని అని ఎందుకంటారో పిల్లకి పాఠం చెప్పకుండానే అర్థమైంది. రెండోసారి రాసిన వ్యాసంలో అగ్నిపర్వతాలు వాటంతటవే పోయాయి.

అందుకని హారికకి నేను చెప్పేది ఒక్కటే. అంశం ఎంత పెద్దదైనా తీసుకోనీ, కానీ అది తను నడిచి వెళ్లి చూడగలిగిన చోటికో, ఎదురుగా కూర్చుని అడగగలిగిన మనిషి దగ్గరికో వచ్చేదాకా కిందికి దింపుకోమను. "నదుల అనుసంధానం" అంటే మా పిల్లలు గంగా కావేరీ అని మొదలుపెడతారు. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి సిటీ బస్సులో వెళ్లొచ్చు. పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు 2015 నుంచి అక్కడే కృష్ణలో కలుస్తున్నాయి. "నీటి పొదుపు" అంటే పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టెయ్యాలి దగ్గర ఆగిపోతారు. ఊళ్లోంచే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పోతున్నాయి. బ్యారేజీ 70 గేట్ల వెనక ఆగిన నీళ్ల మీద డెల్టాలో పదమూడు లక్షల ఎకరాలు ఆధారపడి ఉన్నాయి. 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో దెబ్బతింటే ఈ బ్యారేజీ కట్టారు, 1957కి అయింది. రోజూ ఆ కాలువల్లో ఒకదాని వంతెన దాటి బడికొచ్చే పిల్లాడు దాని పేరు రాయకుండా నీటి మీద మూడు పేజీలు రాస్తాడు. ఇది నాకు మింగుడుపడదు.

గ్రంథాలయాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి, నీకూ నచ్చుతుంది. "పుస్తకాలు మన నేస్తాలు" అని అందరూ రాస్తారు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారని చెబితే మా క్లాసు క్లాసంతా నోరు తెరుచుకుని వింది. ఆ ఊళ్లు గుంటూరు వైపున, మాకు దగ్గరే. వెనక బెంచీలో ఒకడు లేచి, "పడవ మునిగితే పుస్తకాలెలా టీచర్?" అన్నాడు. వాడికి వ్యాసం దొరికింది! వాడిని ఠాగూర్ గ్రంథాలయానికి పంపాను. జనవరి పుస్తకాల పండక్కి వెళ్లినప్పుడు వాడు నన్ను దూరం నుంచి చూసి పరిగెత్తుకొచ్చాడు, చేతిలో రెండు పుస్తకాలు.

కలాం గారి గురించి రాసేవాళ్లు రామేశ్వరంలో పేపర్లు వేయడం, రాష్ట్రపతి కావడం, ఆ రెండింటి మధ్య ఏమీ లేనట్టు రాస్తారు. మన శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఆయన బృందం ప్రయోగించిన ఎస్.ఎల్.వి. రాకెట్టు సముద్రంలో పడిపోయింది. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తనమీద వేసుకున్నది అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారు. మరుసటి ఏడు జులై 18న విజయం వచ్చినప్పుడు మాట్లాడమని కలాంనే ముందుకి పంపారు. "నా అభిమాన నాయకుడు" అనే అంశానికి ఆ రెండు రోజులు చాలవూ? పుట్టిన తేదీ దగ్గర్నుంచి పోయిన తేదీ దాకా అప్పజెప్పడం ఎందుకు?

సెల్‌ఫోను గురించి ఎక్కువ చెప్పను. హారికని అది మాత్రం వద్దను. దిద్దేవాళ్లు ఆ రోజుకి పాతికోసారి చదువుతూ ఉంటారు.

ఇక మీ శ్రీకాకుళం సంగతి. అక్కడ కూర్చుని అంశం దొరకట్లేదంటే నేను నమ్మనే! అక్టోబరు 2 వ్యాసం అంటే అందరికీ పోరుబందరు, దక్షిణాఫ్రికా, దండి. మీకు పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, అంత సన్నటి నూలు వడికే చోటు ఇంకెక్కడుంది? ఆ ఖద్దరు చూసి ముచ్చటపడి, సంగతేమిటో కనుక్కు రమ్మని గాంధీగారు కొడుకు దేవదాసునే పంపారట. హారికని ఒక శనివారం తీసుకెళ్లు. రాట్నం ముందు కూర్చున్న పెద్దావిడ ఎవరినైనా పలకరించమను. వడకడం ఎప్పుడు నేర్చుకున్నారు, రోజుకి ఎంత వడుకుతారు, కూలి ఎంత వస్తుంది, మీ కోడలు నేర్చుకుందా... ఇవి అడగమను. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు కోసమైనా ఈ వ్యాసం రాయాలి.

లేదంటే గిడుగు రామమూర్తి గారు. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట మీ జిల్లాలోదే. సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసినాయన. మనం మాట్లాడే తెలుగులోనే బడి పుస్తకాలుండాలని పెద్దపెద్ద పండితులతో తలపడ్డాడు. మరి ఆయన పుట్టినరోజున పిల్లలు రాసే వ్యాసాలు చూడు: "ఎంతయో ఆవశ్యకత కలదు", "చెప్పనలవి కాదు". ఎవరి కోసం ఆయన అంత కష్టపడ్డాడో ఆ పిల్లల చేతే ఇలా రాయిస్తున్నామే అని ప్రతి ఆగస్టులోనూ నాకు బాధగా ఉంటుంది. మా క్లాసులో "కలదు" రాస్తే నేను కొట్టేసి "ఉంది" అని రాస్తాను. హారికకీ అదే చెప్పు. ఇంట్లో నానమ్మకి చదివి వినిపిస్తే ఆవిడకి తెలియని మాట ఉండకూడదు.

నానమ్మ అంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అత్తయ్యగారు ఉద్దానంలో వాళ్ల పుట్టింట్లో ఉన్నారన్నావు కదూ? కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయని అప్పుడు నువ్వు ఏడుస్తూ ఫోన్ చేశావు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఎన్నేళ్లు పడుతుందో, ఈలోపు ఆ ఇళ్లు ఎలా గడిచాయో ఆవిడకంటే బాగా ఎవరు చెబుతారు? కానీ ఆవిడ మనసు కష్టపడుతుందనుకుంటే వదిలెయ్యండి. పిల్లలకి నేను ఈ మాట గట్టిగా చెబుతాను: ఇంట్లో వాళ్ల దుఃఖం పోటీకి పెట్టాల్సిన పనిలేదు. "వరకట్నం", "మద్యపానం" అని అంశాలిచ్చి స్వానుభవం రాయమనేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. అవి రాయాలనిపించిన పిల్ల తనంతట తానే రాస్తుంది.

రాసే పద్ధతి గురించి కూడా అడిగావు. అడిగొచ్చినవన్నీ ముందు ఒక కాగితం మీద ఎలా పడితే అలా రాసుకోమను. వాటిలో తనని బాగా ఆశ్చర్యపరిచిన దానితో మొదలుపెట్టమను. ఉపోద్ఘాతం అంటూ విడిగా అక్కర్లేదు. మధ్యలో అంకెలూ సంవత్సరాలూ పనికొచ్చినన్నే. పద్యం గుర్తొస్తే పెట్టొచ్చు, కానీ వెతికి తెచ్చి అతికించొద్దు. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు గానీ అన్నయ్యగారు గానీ వాక్యాలు దిద్దొద్దు. అక్షర దోషాలు చూపించు, అక్కడితో ఆగు. నీకు చెయ్యి ఊరుకోదని తెలిసే చెబుతున్నా.

ఏది ఎంచుకుందో హారికనే నాకు రాయమను, కార్డు ముక్కైనా సరే. పొందూరైతే మాత్రం నా తరఫున ఒకటి అడిగి రావాలి: ఒక చీరకి సరిపడా నూలు వడకడానికి ఒక మనిషికి ఎన్ని రోజులు పడుతుంది? ఇక్కడ అక్టోబరు రాగానే మా పిల్లలు నన్ను అడుగుతారు, నా దగ్గర జవాబు ఉండాలి. అత్తయ్యగారికి నమస్కారాలు. దసరా సెలవులకి మీరంతా రావాలి, అమ్మవారి దర్శనం చేసుకుని, బ్యారేజీ మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్లొద్దాం.

నీ
సుభద్ర